పాఠం పూర్తయింది, రికార్డులో మాత్రం కాలేదు

ఆన్‌లైన్ శిక్షణ కోర్సులను ఎలా ప్యాక్ చేయాలి, నేర్చుకునేవారి ప్రగతి ఎల్‌ఎమ్‌ఎస్‌లో (కోర్సులను తెరిచి, ఎవరు ఎంతవరకు వచ్చారో రాసిపెట్టే సాఫ్ట్‌వేరులో) ఎలా నమోదవుతుంది అన్న విషయాలపై పాఠకులు పంపిన ప్రశ్నల్లో కొన్నింటికి ఈ సంచికలో జవాబులు ఇస్తున్నాం.

ప్రశ్న: ఉపాధ్యాయ వృత్తి వదిలి ఆన్‌లైన్ పాఠాల తయారీలోకి వచ్చాను. నేను జిప్ చేసి పంపిన కోర్సును క్లయింటు ఎల్‌ఎమ్‌ఎస్ ‘మానిఫెస్ట్ ఫైలు లేదు’ అంటూ తిరస్కరిస్తోంది. నా ఫోల్డరులో ఆ ఫైలు కళ్లెదుటే ఉంది. అసలు స్కార్మ్ (కోర్సును ఎలా ప్యాక్ చేయాలో, అది ఎల్‌ఎమ్‌ఎస్‌తో ఎలా మాట్లాడాలో చెప్పే ప్రమాణం) ఏమి కోరుతుంది?
— ఒక పాఠకురాలు, రాజమహేంద్రవరం

జవాబు: మీరు ఫోల్డరునే జిప్ చేసి ఉంటారు. చేయవలసింది ఆ ఫోల్డరు లోపలికి వెళ్లి, అక్కడున్న ఫైళ్లన్నింటినీ ఎంచుకుని జిప్ చేయడం. ‘ఐఎమ్‌ఎస్‌మానిఫెస్ట్.ఎక్స్‌ఎమ్‌ఎల్’ అనే ఫైలు జిప్ తెరవగానే పైనే కనిపించాలన్నది స్కార్మ్ నియమం. అది ఒక్క ఫోల్డరు కిందికి వెళ్లినా ఎల్‌ఎమ్‌ఎస్ దాన్ని వెతికిపట్టుకోదు. ఆ పేరులోని ఇంగ్లీషు అక్షరాలన్నీ చిన్న అక్షరాలుగానే (imsmanifest.xml) ఉండాలి. ఇదే సందర్భంలో మరొక సంగతి కూడా చూసుకోండి: ఇంగ్లీషు ఫైలు పేర్లలో పెద్ద అక్షరం, చిన్న అక్షరం అన్న తేడాను విండోస్ మామూలుగా పట్టించుకోదు, లైనక్స్ సర్వరు పట్టించుకుంటుంది. మీ కంప్యూటరులో చక్కగా తెరుచుకున్న బొమ్మ క్లయింటు సర్వరులో కనిపించకుండా పోవడానికి చాలాసార్లు కారణం ఇదే.

ఇక స్కార్మ్ కోరేది ప్రధానంగా రెండు విషయాలు. మొదటిది ప్యాకేజీ. ఏ పాఠం తర్వాత ఏ పాఠం వస్తుంది, దేనికి ఏయే ఫైళ్లు కావాలి, కోర్సు పేరేమిటి అన్న వివరాలన్నీ మానిఫెస్ట్ చెబుతుంది. అందులోని వనరులు రెండు రకాలు: ఎల్‌ఎమ్‌ఎస్‌తో మాట్లాడే భాగాన్ని ‘స్కో’ అంటారు, మాట్లాడకుండా కేవలం తెరపై కనిపించేదాన్ని ‘అసెట్’ అంటారు. రెండవది ఆ మాట్లాడే పద్ధతి. ఎల్‌ఎమ్‌ఎస్ తన బ్రౌజరు విండోలో ‘ఏపీఐ’ అనే పేరుతో ఒక జావాస్క్రిప్ట్ వస్తువును ఉంచుతుంది. కోర్సు తెరుచుకోగానే తనను తెరిచిన విండోలలోకి ఒక్కొక్కటిగా పైకి వెళుతూ దాన్ని వెతుక్కుంటుంది, దొరికాక పని మొదలైందని చెబుతుంది, కావలసిన విలువలను అడుగుతుంది, తాను నమోదు చేయవలసినవి పంపుతుంది, వాటిని భద్రపరచమంటుంది, చివరికి ముగిసిందని చెబుతుంది. సంభాషణ అంతా ఈ కొద్దిపాటి పిలుపులతోనే జరుగుతుంది.

ఈ నియమాలకు మూలం బడుల్లో కాదు, విమాన పరిశ్రమలో ఉంది. విమానాల తయారీదారులు, ఎయిర్‌లైన్లు కలిసి 1988లో ఏఐసీసీ అనే కమిటీని ఏర్పాటు చేసుకున్నాయి. ఒక్కొక్క తయారీదారు ఇచ్చే శిక్షణ సాఫ్ట్‌వేరుకు ఒక్కొక్క రకం యంత్రం కావలసివస్తే, రకరకాల విమానాలు నడిపే ఎయిర్‌లైన్‌కు అది భరించలేని ఖర్చు. కోర్సుకూ దాన్ని నడిపే వ్యవస్థకూ మధ్య సమాచారం ఎలా సాగాలో ఆ కమిటీ 1993లో మార్గదర్శకాలు ప్రకటించింది. ఆ తర్వాత అమెరికా రక్షణ శాఖ 1997లో మొదలుపెట్టిన ఏడీఎల్ కార్యక్రమం ఏఐసీసీ పదజాలాన్నీ, ఐఎమ్‌ఎస్ సంస్థ ప్యాకేజీ పద్ధతినీ కలిపి 2000 జనవరిలో స్కార్మ్ తొలి రూపాన్ని తెచ్చింది. 2001 అక్టోబరులో వచ్చిన 1.2 రూపమే నేటికీ విస్తృతంగా వాడుకలో ఉంది. మీ క్లయింటు ప్రత్యేకించి మరొకటి అడగకపోతే మీరు పబ్లిష్ చేయవలసింది దాన్నే.

ప్రశ్న: హైదరాబాదులో ఒక మందుల కంపెనీలో శిక్షణ విభాగం చూస్తున్నాను. ఉద్యోగులు పాఠం చివరిదాకా చదివి, క్విజ్‌లో ఉత్తీర్ణులైనా కొందరికి ‘ఇన్‌కంప్లీట్’ అనే వస్తోంది. కోర్సు చేసినవారు ఎల్‌ఎమ్‌ఎస్‌ది తప్పంటారు, ఎల్‌ఎమ్‌ఎస్‌వారు కోర్సుది తప్పంటారు. ఆడిట్ దగ్గర పడుతోంది. ఎవరిని నిలదీయాలి?
— ఒక పాఠకుడు, హైదరాబాదు

జవాబు: ముందు నిలదీయవలసింది లాగ్‌ను. చాలా ఎల్‌ఎమ్‌ఎస్‌లలో కోర్సు పంపిన ప్రతి పిలుపునూ రాసిపెట్టే డీబగ్ లాగ్ ఉంటుంది. సమస్య వచ్చిన ఒక ఉద్యోగి ఖాతాను తీసుకుని, లాగ్ ఆన్ చేయించి, కోర్సును ఆయనతోనే మళ్లీ చేయించండి. లాగ్‌లో చివరి పది పదిహేను వరసలు చదివితే చాలు. ‘లెసన్ స్టేటస్’ అనే గడిలోకి ‘పాస్డ్’ అనో ‘కంప్లీటెడ్’ అనో పంపిన వరస అసలు లేకపోతే తప్పు కోర్సుది. ఆ వరస ఉండి, దానికి ఎల్‌ఎమ్‌ఎస్ ‘ట్రూ’ అని జవాబిచ్చి, ఆ తర్వాత భద్రపరచమన్న పిలుపునూ అంగీకరించి, రిపోర్టులో మాత్రం చూపకపోతే తప్పు ఎల్‌ఎమ్‌ఎస్‌ది. ఇరుపక్షాలనూ ఒకే కాల్‌లో కూర్చోబెట్టి ఆ వరసలు తెరపై చూపండి. వాదన అక్కడితో ముగుస్తుంది.

సాధారణంగా బయటపడే కారణాలు కొన్ని ఉన్నాయి. స్కార్మ్ 1.2లో స్థితికి ఒకే గడి ఉంది. పాఠమంతా చూశారా అన్న ప్రశ్నకూ, పరీక్షలో నెగ్గారా అన్న ప్రశ్నకూ జవాబు అదే గడిలో రాయాలి. పాస్డ్, కంప్లీటెడ్, ఫెయిల్డ్, ఇన్‌కంప్లీట్, బ్రౌజ్డ్, నాట్ అటెంప్టెడ్ అనే ఆరు విలువల్లో ఏదో ఒకటే అక్కడ నిలుస్తుంది. క్విజ్ అయ్యాక కోర్సు ‘పాస్డ్’ అని రాసి, ఉద్యోగి మళ్లీ తెరిచి ఒక స్లయిడు చూసి మూసేసినప్పుడు దానిపైన ‘ఇన్‌కంప్లీట్’ అని రాసేస్తే, సంపాదించుకున్న ఫలితం తుడిచిపెట్టుకుపోతుంది. దీనికి తోడు, మానిఫెస్ట్‌లో ఉత్తీర్ణత మార్కు ఇచ్చి ఉంటే, కోర్సు ముగిసినప్పుడు ఎల్‌ఎమ్‌ఎస్ మార్కును దానితో పోల్చి స్థితిని తానే మార్చవచ్చు. కోర్సులో 70, మానిఫెస్ట్‌లో 80 ఉన్నప్పుడు 75 తెచ్చుకున్నవారి తెరపై ‘అభినందనలు’ అని వస్తుంది, రిపోర్టులో ‘ఫెయిల్డ్’ అని పడుతుంది. స్కార్మ్ 2004 రూపంలో ఈ రెండు ప్రశ్నలకూ రెండు వేర్వేరు గడులు ఇచ్చారు. ఆ రూపం చేసిన మేలు నా దృష్టిలో అన్నిటికంటే ఇదే. దానితో పాటు వచ్చిన పాఠక్రమ నియమాలు ఎంత క్లిష్టమైనవంటే, చాలా ఎల్‌ఎమ్‌ఎస్‌లు వాటిని పూర్తిగా అమలు చేయనేలేదు.

మరో కారణం కిటికీ మూసే తీరు. ‘ఎగ్జిట్’ బటన్ నొక్కకుండా, ట్యాబ్‌పై ఉన్న గుణకారపు గుర్తును నొక్కి బయటికి వెళ్లేవారు ఎందరో. పాత కోర్సులు, పాత ఎల్‌ఎమ్‌ఎస్‌లు పేజీ మూసుకుపోయే ఆ చివరి క్షణంలోనే మార్కులన్నీ సర్వరుకు పంపేవి. బ్రౌజరు అది పూర్తయ్యేదాకా ఆగేది. 2020లో వచ్చిన క్రోమ్ 80వ రూపం నుంచి బ్రౌజరు అలా ఆగడం మానేసింది. దాంతో ఏళ్ల తరబడి సవ్యంగా నడిచిన కోర్సులు కూడా హఠాత్తుగా ‘ఇన్‌కంప్లీట్’ చూపించడం మొదలుపెట్టాయి. పరిష్కారం సులువే. ప్రతి స్లయిడు తర్వాతా, క్విజ్ ఫలితం రాగానే, అప్పటికప్పుడు భద్రపరచమనే పిలుపు పంపేలా కోర్సును మార్పించాలి. మూసే క్షణానికి ఏదీ మిగల్చకూడదు.

మూడవది పొడవైన కోర్సుల్లో వస్తుంది. ఎక్కడ ఆపారు, ఏ ప్రశ్నకు ఏమి జవాబిచ్చారు అన్న సమాచారమంతా ‘సస్పెండ్ డేటా’ అనే గడిలో కుదించి దాచుకుంటారు. స్కార్మ్ 1.2లో దాని హద్దు 4096 అక్షరాలు. స్లయిడ్లు, ప్రశ్నలు పెరిగేకొద్దీ అది నిండిపోతుంది. నిండాక కొన్ని వ్యవస్థలు లోపం చూపిస్తాయి, కొన్ని తోకను కత్తిరించి మిగతాది దాచుకుంటాయి. కత్తిరించిన సమాచారంతో మర్నాడు కోర్సు తెరిస్తే మొదటి స్లయిడుకు వెళ్లిపోతుంది. పాఠం చివరివరకూ వచ్చినవారికే సమస్య వస్తోందంటే ఈ కారణాన్నే ముందు అనుమానించండి. స్కార్మ్ 2004 మూడవ ఎడిషన్ నుంచి ఈ హద్దు 64,000 అక్షరాలకు పెరిగింది. అంతకంటే మంచిది, గంటన్నర కోర్సును చిన్న చిన్న స్కోలుగా విడగొట్టడం.

మీరు ఆడిట్ సంగతి ఎత్తారు కాబట్టి ఒక మాట గట్టిగా చెప్పాలి. అమెరికాకు మందులు పంపే కర్మాగారంలో పనిచేసే ప్రతివారూ తాము చేసే పనికి తగిన శిక్షణ పొంది ఉండాలని అక్కడి ఫెడరల్ నిబంధనావళి 21వ శీర్షికలోని 211.25 చెబుతుంది; ఎలక్ట్రానిక్ రికార్డుల నమ్మకం గురించి అదే శీర్షికలోని 11వ భాగం చెబుతుంది. ఎవరు, ఎప్పుడు, ఏమి మార్చారో చెరపడానికి వీలులేని జాడ ఉండాలన్నది అందులో ముఖ్యమైన అంశం. స్కార్మ్ ఆ జాడను ఇవ్వదు. అది నేర్చుకునేవారి బ్రౌజరులోనే నడిచే జావాస్క్రిప్ట్ సంభాషణ. కాస్త తెలిసినవారు బ్రౌజరులో డెవలపర్ కన్సోల్ తెరిచి, పాఠం చదవకుండానే ‘పాస్డ్’ అని పంపించగలరు. అందువల్ల స్టెరైల్ ప్రాంతంలోకి అడుగుపెట్టేవారి అర్హతను స్కార్మ్ స్థితి ఒక్కదానిపై ఆధారపడి నిర్ణయించకండి. పర్యవేక్షకుడి ఎదుట చేసి చూపించే పరీక్ష, ఎల్‌ఎమ్‌ఎస్ తనంతట తాను ఉంచే మార్పుల జాడ (ఆడిట్ ట్రయల్), ఈ రెండూ దానికి తోడు ఉండి తీరాలి. ఆ గదిలో తయారయ్యే మందు ఎవరి ఒంట్లోకో వెళుతుంది.

‘ఇన్‌కంప్లీట్’ అని పడినవారి స్థితిని అడ్మిన్ ఖాతాతో చేత్తో మార్చేయమని మీకు ఎవరైనా సలహా ఇస్తే, కారణం రాసిపెట్టకుండా ఆ పని చేయకండి. లాగ్ ఆధారం జతచేసి, ఎవరు మార్చారో, ఎందుకు మార్చారో నమోదు చేస్తే అది సవరణ అవుతుంది. అవేమీ లేకుండా మార్చిన రికార్డును ఆడిటరు అనుమానంతోనే చూస్తారు.

ప్రశ్న: మా స్వచ్ఛంద సంస్థ ఆశా కార్యకర్తల కోసం తెలుగులో పాఠాలు తయారుచేస్తోంది. ఇంగ్లీషు కోర్సుల్లో లేని ఇబ్బందులు తెలుగులో వస్తున్నాయి. ఈ ప్రమాణాలు తెలుగుకు సరిపడవా?
— ఒక పాఠకురాలు, వరంగల్

జవాబు: సరిపడతాయి, కానీ 1.2 రూపాన్ని రాసినవారి దృష్టిలో మన లిపి లేదు. అందులోని మాటల గడులను ఆస్కీ అక్షరాలకే, అంటే ఇంగ్లీషు అక్షరాలు, అంకెలు, కొన్ని గుర్తులకే పరిమితం చేస్తూ నిర్వచించారు. ఆచరణలో చాలా ఎల్‌ఎమ్‌ఎస్‌లు ప్రపంచ లిపులన్నిటికీ చోటిచ్చే యూనికోడ్‌ను అంగీకరిస్తాయి, అయినా దానిపై భరోసా పెట్టుకోలేము. ప్రశ్నల గుర్తింపు పేర్లు, ఎంపికల గుర్తింపులు ఇంగ్లీషు అక్షరాల్లోనే ఇవ్వండి. తెరపై కనిపించే ప్రశ్న, జవాబు మాత్రం తెలుగులో ఉంచండి. స్కార్మ్ 2004 నుంచి ప్రపంచ లిపులన్నీ అధికారికంగానే చెల్లుతాయి.

హద్దుల విషయంలో మనకు ఇంకొక చిక్కు ఉంది. తెలుగు లిపిలోని ప్రతి యూనికోడ్ గుర్తూ, ఆ గుర్తులను బైట్లుగా రాసే యూటీఎఫ్-8 పద్ధతిలో మూడు బైట్లు తీసుకుంటుంది. ‘క్షే’ అని మనం ఒక్క అక్షరంగా చదివేది కంప్యూటరుకు క, పొల్లు, ష, ఏత్వం అనే నాలుగు గుర్తులు. అంటే పన్నెండు బైట్లు. ఎల్‌ఎమ్‌ఎస్ తన డేటాబేసులో హద్దును బైట్లలో లెక్కిస్తే, ఇంగ్లీషులో ఇమిడిన సమాచారం తెలుగులో ఇమడదు. కార్యకర్త ఎంచుకున్న జవాబులను సస్పెండ్ డేటాలో తెలుగులోనే దాచే కోర్సులు ఇందువల్లనే తొందరగా నిండిపోతాయి. జవాబు వరస సంఖ్యను మాత్రమే దాచమని డెవలపరుకు చెప్పండి.

పేర్ల సంగతి కూడా చూసుకోవాలి. స్కార్మ్ 1.2 నేర్చుకునేవారి పేరును ఇంటిపేరు, ఒక కామా, ఆ తర్వాత అసలు పేరు అనే వరసలో ఇస్తుంది. చాలా కోర్సులు సర్టిఫికెట్ ముద్రించేటప్పుడు కామా దగ్గర విడగొట్టి ముందువెనుకలు చేస్తాయి. మన కార్యకర్తలలో ఎక్కువమంది ఇంటిపేరును పొడి అక్షరంగా ముందు రాసుకుంటారు, కొందరు రాయరు. దాంతో సర్టిఫికెట్‌పై పేరు తలకిందులై వస్తుంది. ఊళ్లో పంచాయతీ ఆఫీసులో చూపించుకునే కాగితంపై తన పేరు తప్పుగా ఉంటే ఆమెకు ఎంత కష్టమో ఆలోచించండి. సర్టిఫికెట్‌ను కోర్సు నుంచి కాకుండా, ఎల్‌ఎమ్‌ఎస్‌లో ఆమె నమోదు చేసుకున్న పూర్తి పేరుతో ఇప్పించడం ఉత్తమం.

ఫాంటును ప్యాకేజీలోనే పెట్టండి, ఫోనులో ఉంటుందని అనుకోకండి. నోటో సాన్స్ తెలుగు వంటి స్వేచ్ఛా లైసెన్సు ఫాంటులను ఇలా జతచేయవచ్చు. మీ దగ్గరున్న పాత కరపత్రాలు ‘అను’ అనే, యూనికోడ్ కాని పాత ఫాంట్లలో ఉంటే, వాటిని యూనికోడ్‌లోకి మార్చి, ఒత్తులు సరిగ్గా వచ్చాయో లేదో మనిషి చేత చదివించిన తర్వాతే కోర్సులోకి తీసుకోండి. జిప్‌లోని ఫైళ్లకు తెలుగు పేర్లు పెట్టవద్దు. కొన్ని జిప్ సాధనాలు వాటిని పాడుచేస్తాయి.

ప్రశ్న: మా మేనేజరు స్కార్మ్ పాతబడింది, అంతా ఎక్స్‌ఏపీఐలోకి మార్చమంటున్నారు. కొందరు సీఎమ్‌ఐ5 అంటున్నారు. రెండింటిలో ఏది ఎంచుకోవాలి?
— ఒక పాఠకుడు, డాలస్

జవాబు: ఆ రెండూ పోటీదారులు కావు. 2013లో 1.0 రూపం పొందిన ఎక్స్‌ఏపీఐ, ‘ఎవరు, ఏమి చేశారు, దేనిని’ అనే వాక్యాలను జేసన్ అనే డేటా రూపంలో ఎల్‌ఆర్‌ఎస్ అనే రికార్డు భాండాగారానికి పంపే పద్ధతి. బ్రౌజరు అక్కరలేదు, సిమ్యులేటరు పంపవచ్చు, ఫోనులోని యాప్ నెట్‌వర్క్ లేనప్పుడు దాచుకుని తర్వాత పంపవచ్చు. 2023లో దాని 2.0 రూపం ఐఈఈఈ ప్రమాణంగా వెలువడింది. అయితే కోర్సును ఎలా ప్యాక్ చేయాలి, ఎల్‌ఎమ్‌ఎస్ దాన్ని ఎలా తెరవాలి, ఏ క్రియను ఎప్పుడు పంపాలి అన్నది ఎక్స్‌ఏపీఐ చెప్పదు. ఇద్దరు సరఫరాదారులు ‘పూర్తి చేశారు’ అనే క్రియకు రెండు వేర్వేరు గుర్తింపులు వాడితే, మీ రిపోర్టులో అవి కలిపి లెక్కకు రావు. స్వేచ్ఛ ఎక్కువైనచోట ముందుగా కూర్చుని పదజాలం కుదుర్చుకోకపోతే, భాండాగారం నిండుతుంది తప్ప ప్రశ్నకు జవాబు దొరకదు.

ఆ లోటును పూడ్చడానికి 2016 జూన్‌లో వచ్చిందే సీఎమ్‌ఐ5. అది ఎక్స్‌ఏపీఐ పైన నిలబడే నియమావళి. ఆరంభం, పూర్తి, ఉత్తీర్ణత, వైఫల్యం, ముగింపు వంటి తొమ్మిది క్రియలను నిర్వచించింది. కోర్సులో ఒక్కొక్క భాగం దేనితో పూర్తయినట్టు లెక్క, చూస్తే చాలా, నెగ్గాలా, రెండూ కావాలా అన్నది కోర్సు నిర్మాణ ఫైలులోనే రాయిస్తుంది. పాఠం ఎల్‌ఎమ్‌ఎస్ సర్వరులోనే ఉండాలన్న నిర్బంధం లేదు; స్కార్మ్ కోర్సును వేరే డొమైనులో ఉంచితే బ్రౌజరు భద్రతా నియమాలు సంభాషణకు అడ్డుపడతాయి, ఇక్కడ ఆ ఇబ్బంది రాదు. కోర్సు తెరిచినప్పుడు ఇచ్చే చిరునామాకు వెళ్లి అనుమతి టోకెన్‌ను ఒక్కసారే తీసుకోవచ్చు కాబట్టి, ఆ లింకును కాపీ చేసుకుని మరొకరు వాడుకోవడం కష్టం.

నా సలహా ఇది. ఉన్న స్కార్మ్ కోర్సులు సవ్యంగా నడుస్తుంటే మార్చే పని పెట్టుకోకండి. కొత్తగా చేసేవాటికి, మీ ఎల్‌ఎమ్‌ఎస్ నిజంగా అంగీకరిస్తుందని పరీక్షించి చూసుకున్నాక, సీఎమ్‌ఐ5 ఎంచుకోండి. తరగతి బయటి పనిని కూడా నమోదు చేయాలన్న స్పష్టమైన అవసరం ఉంటేనే విడిగా ఎక్స్‌ఏపీఐ తీసుకోండి. మీ మేనేజరును ఒక్క ప్రశ్న అడగండి: ఈ అదనపు సమాచారంతో మనం ఏ నిర్ణయం తీసుకోబోతున్నాం? దానికి జవాబు లేనప్పుడు ఉద్యోగి నొక్కిన ప్రతి బటన్‌నూ నమోదు చేయడం వారిపై అనవసరపు నిఘా అవుతుంది.

ప్రశ్న: మా పాత ఎల్‌ఎమ్‌ఎస్‌లో ఏఐసీసీ కోర్సులు ఉన్నాయి. ఇంకా వాడవచ్చా?
— ఒక పాఠకుడు, విశాఖపట్నం

జవాబు: నడుస్తున్నంతకాలం వాడవచ్చు. ఆ కమిటీ 2014 చివరలో రద్దయింది, కాబట్టి కొత్త సవరణలు రావు. కొత్త ఎల్‌ఎమ్‌ఎస్ కొనేటప్పుడు అది ఏఐసీసీ కోర్సులను తెరుస్తుందని ఊహించుకోకుండా ముందే అడగండి. సోర్సు ఫైళ్లు ఉంటే ఇప్పుడే స్కార్మ్‌లోకి తిరిగి పబ్లిష్ చేయించండి.

ప్రశ్న: కోర్సు తయారీని బయటివారికి అప్పగిస్తున్నాం. ‘స్కార్మ్ ప్యాకేజీ ఇవ్వాలి’ అని ఒప్పందంలో రాస్తే సరిపోతుందా?
— ఒక పాఠకురాలు, తిరుపతి

జవాబు: సరిపోదు. ఏ రూపం, 1.2నా, 2004 అయితే ఏ ఎడిషను, అన్నది రాయండి. పూర్తి అంటే ఏమిటో మీరే నిర్వచించండి: ఎన్ని స్లయిడ్లు చూడాలి, ఎంత మార్కు రావాలి, మళ్లీ తెరిస్తే పాత ఫలితం చెక్కుచెదరకుండా ఉండాలా. ఇది తయారీదారు ఇష్టానికి వదిలితే, చివరి స్లయిడు తెరవడమే పూర్తి అయినట్టు పెట్టి ఇస్తారు. జిప్ నుంచి పాఠాన్ని సవరించుకోవడం చాలా కష్టం కాబట్టి, పాఠం తయారుచేసిన సాఫ్ట్‌వేరు (ఆథరింగ్ టూల్) సోర్సు ఫైలు, విడి ఆడియో, బొమ్మలు, ఫాంటు లైసెన్సులు కూడా మీకు అందాలని షరతు పెట్టండి. వచ్చే ఏడాది ఒక ఫోన్ నంబరు మార్చడానికి మొత్తం కోర్సుకు మళ్లీ డబ్బు కట్టిన సంస్థలు ఉన్నాయి.

చివరి వాయిదా చెల్లించే ముందు ప్యాకేజీని మీ ఎల్‌ఎమ్‌ఎస్‌లో ఒకసారి, రస్టిసీ సంస్థ నడిపే స్కార్మ్ క్లౌడ్ వంటి తటస్థ పరీక్షా వేదికలో మరొకసారి ఎక్కించి చూడండి. మధ్యలో ట్యాబ్ మూసేయండి, మర్నాడు ఫోనులో తెరవండి, క్విజ్‌లో కావాలని తప్పండి, నెగ్గిన తర్వాత మళ్లీ మొదటి స్లయిడు చూడండి. ఒక్కొక్కసారీ రిపోర్టులో ఏమి పడిందో తేదీతో సహా రాసుకుని, ఆ కాగితాన్ని ఒప్పందానికి జతపరచండి.